గోడ పక్క మంచం: తుంటి ఆపరేషన్ తర్వాత నిద్ర తప్పిన ఒక రోగి కేసు

ఆమె వయసు 66. నలభై ఏళ్ళ పాటు బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. బాత్‌రూములో కాలు జారి పడితే ఎడమ తుంటి ఎముక విరిగింది. మర్నాడే ఆపరేషన్ చేసి సగం కీలు మార్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది. నన్ను పిలిచింది ఆ తర్వాత ఆరో రోజున. ఆర్థోపెడిక్స్ వాళ్ళు పంపిన కాగితం మీద మూడే ముక్కలున్నాయి: రాత్రి నిద్ర లేదు, పగలంతా మత్తు, ఫిజియోథెరపీకి సహకరించడం లేదు.

నేను పెద్ద వయసువాళ్ళ మానసిక ఆరోగ్యం చూసే డాక్టర్ని. ఇలాంటి కాగితాలు నాకు తరచూ వస్తుంటాయి. అయినా ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మొదటి మూడు రోజులూ నేను రోగిని చూశాను, మందుల చార్టు చూశాను, రక్తపరీక్షలు చూశాను. ఆమె మంచం ఎక్కడ వేశారో చూడలేదు. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

పూర్వ చరిత్రలో పెద్దగా ఏమీ లేదు. ఎనిమిదేళ్ళుగా బీపీ, దానికి మెటోప్రొలాల్ వాడుతున్నారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు, కుడికంట్లో ఎక్కువ. సూదిలో దారం ఎక్కించడానికి రెండేళ్ళుగా కూతురి సాయం తీసుకుంటున్నారట. డిప్రెషన్ గానీ, మితిమీరిన ఉత్సాహంతో ప్రవర్తించిన రోజులు గానీ ఎప్పుడూ లేవు. ఆసుపత్రికి రాకముందు రాత్రి పదింటికి పడుకుంటే తెల్లవారి ఐదింటికి లేచేవారు. ఇది కూతురు ఖచ్చితంగా చెప్పింది. కేసు చరిత్ర రాసేటప్పుడు ఈ ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. మామూలు రోజుల్లో ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తారో తెలియకపోతే, ఇప్పుడు ఎంత తప్పిందో కొలవడానికి ఆధారమే ఉండదు.

ఆపరేషన్ అయిన రెండో రాత్రి ఆమెకు డెలీరియం వచ్చింది. అంటే ఒంట్లో ఏదో తేడా వచ్చి మతి తాత్కాలికంగా గందరగోళపడటం. పాతకాలం వాళ్ళు సంధి అనేవారే, అదే. ఆ రాత్రి డ్యూటీ సిస్టర్ నోట్సులో ఇలా ఉంది: "1.30కి సెలైన్ లైను పీకేశారు. కత్తెర ఎక్కడ పెట్టారని అడుగుతున్నారు. కూతుర్ని అక్కా అని పిలుస్తున్నారు." వెతికితే కారణాలు దొరికాయి. సోడియం 129కి పడిపోయింది. యూరిన్ గొట్టం ఇంకా తీయలేదు. మూడు రోజులుగా విరేచనం కాలేదు. నొప్పి మందు సరిపోవడం లేదు. ఆర్థో టీము వీటన్నిటినీ ఒక్కొక్కటిగా సరిచేసింది. నేను చూసేనాటికి ఆమె తేదీ, చోటు సరిగ్గా చెప్పారు. నెలల పేర్లు వెనక నుంచి ముందుకు చెప్పమంటే ఒక్క తప్పుతో చెప్పారు. డెలీరియం దాదాపు దిగిపోయింది. నిద్ర మాత్రం తలకిందులుగానే ఉండిపోయింది. తెల్లవారుజాము మూడు నాలుగు దాకా మెలకువ, పగలు విడతలు విడతలుగా ఐదారు గంటల కునుకు.

మూడ్ కూడా బాగా కుంగి ఉంది. పెద్దవాళ్ళ డిప్రెషన్‌ని అంచనా వేసే 15 ప్రశ్నల స్కేలు మీద 10 వచ్చింది. ఐదు దాటితేనే ఆలోచించాల్సిన విషయం. చనిపోవాలనే ఆలోచనలు ఉన్నాయా అని నేరుగానే అడిగాను. లేవన్నారు. "లేచి నడిచి మాత్రం ఏం చేస్తాను?" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో ఏడుపు కూడా లేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

మొదట నేను చేసిన పని తప్పు. ఆరో రోజు రాత్రి జోల్పిడెమ్ 5 మిల్లీగ్రాములు రాశాను. పెద్దవాళ్ళకు, అందులోనూ ఈమధ్యే డెలీరియం వచ్చినవాళ్ళకు నిద్రమాత్ర ఇవ్వకూడదని పాఠాలు చెప్పేదాన్నే. కూతురు మూడు రాత్రులుగా కూర్చునే ఉంది, వార్డు వాళ్ళు విసిగిపోయారు, "ఏదో ఒకటి ఇవ్వండి డాక్టర్ గారూ" అన్నారు. రాసేశాను. పదకొండుకి పడుకుని ఒకటిన్నరకు సగం నిద్రలో లేచి, మంచం దిగబోయారు. అటెండెంటు పట్టుకోబట్టి సరిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా మాట ముద్దగా వచ్చింది. రెండో రాత్రీ దాదాపు ఇదే. ఆపేశాను.

రాత్రి రెండు గంటలప్పుడు

ఎనిమిదో రోజు రాత్రి అదే ఫ్లోర్లో వేరే రోగి కోసం పిలిస్తే వెళ్ళాను. పని ముగించుకుని వస్తూ ఈమె వార్డులోకి తొంగిచూశాను. వార్డులో పద్నాలుగు మంచాలు, రెండు వరుసలు. తూర్పు వైపు వరసకు కిటికీలు. ఈమె మంచం లోపలి వరసలో, గోడకు తల ఆనించి ఉంది. కిటికీకీ ఆమెకీ మధ్య ఒక లావుపాటి స్తంభం. సరిగ్గా తల మీద ట్యూబ్‌లైటు. సిస్టర్ల టేబుల్ లైటుకీ దీనికీ ఒకటే స్విచ్చి. అది ఆపితే సిస్టర్ ఇంజెక్షన్ లోడ్ చేసుకోలేదు, చార్టు రాసుకోలేదు. అందుకని అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

ఆమె దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నారు. నేను చూస్తుండగానే సిస్టర్ వచ్చి, ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదోనని ఆ దుప్పటి కిందికి లాగి వెళ్ళింది. పాపం, ఆ అమ్మాయి చేసిందీ జాగ్రత్తతోనే. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నిద్ర పట్టలేదా అమ్మా?"

"ఎంతయింది డాక్టరమ్మా?"

"రెండు."

"పగలా, రాత్రా?"

డెలీరియం మళ్ళీ తిరగబెట్టిందనుకున్నాను. పక్కన కూర్చుని తేదీ, వారం, ఆసుపత్రి పేరు అడిగాను. అన్నీ కరెక్టుగా చెప్పారు. నా అనుమానం ఆమెకు అర్థమైనట్టుంది. "మతి పోయి అడగలేదమ్మా. ఈ లైటు పొద్దునా ఇంతే, ఇప్పుడూ ఇంతే. నాకెలా తెలుస్తుంది? ట్యూబ్‌లైటు కింద బట్ట రంగు చూసి దారం తీస్తే ఎప్పుడూ తప్పే అవుతుంది. గుమ్మం బయటికి పట్టుకెళ్ళి చూడాలి. నన్నెవరూ గుమ్మం బయటికి తీసుకెళ్ళడం లేదు కదా."

మర్నాడు పొద్దున వెలుతురు కొలిచే లక్స్ మీటరు పట్టుకుని వెళ్ళాను. ఫోన్లో ఉండే యాప్‌లు దీనికి పనికిరావు, ఒక్కో ఫోను ఒక్కో లెక్క చెబుతుంది. కొలవడంలో ఇంకో కిటుకు ఉంది. మీటరుని మంచం మీద పడేసి కప్పు వైపు తిప్పి కొలిస్తే వచ్చే అంకె వేరు, రోగి కంటి దగ్గర పెట్టి ఆమె చూసే వైపు తిప్పి కొలిస్తే వచ్చే అంకె వేరు. మనకు కావలసింది రెండోది. శరీరానికి లెక్క కంట్లో పడిన వెలుతురే.

ఆమె పగలు గోడ వైపు, స్తంభం వైపు ఒత్తిగిలి పడుకునేవారు. పొద్దున పదింటికి ఆమె కంటి దగ్గర 85 లక్స్. మధ్యాహ్నం మూడింటికి 70. రాత్రి రెండింటికి, వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు, 110. ఆ అంకెలు నోట్సులో రాసుకుని రెండుసార్లు చూసుకున్నాను. ఆమె రాత్రి ఆమె పగటి కంటే వెలుతురుగా ఉంది.

అదే వార్డులో, ఇరవై అడుగుల దూరంలో, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బయటికి చూస్తే పొద్దున ఎనిమిదింటికి 3,500 దాటింది. ఎండలో ఆరుబయట అయితే లక్ష లక్స్ దాకా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు కూడా బయట వేలల్లోనే ఉంటుంది. మన కన్ను చాలా త్వరగా సర్దుకుంటుంది గనక ఈ తేడా మనకు తెలియదు. ట్యూబ్‌లైటు గదిలో కూర్చుని "బాగానే వెలుతురుంది" అనుకుంటాం.

కన్ను చేసే రెండో పని

చూడటానికి కంట్లో రెండు రకాల కణాలున్నాయని స్కూల్లోనే చదువుకుంటాం. మూడో రకం ఉందని మాత్రం ఈ శతాబ్దం మొదట్లో గానీ తేలలేదు. ఇగ్నాసియో ప్రొవెన్సియో బృందం 1998లో మెలనాప్సిన్ అనే వర్ణకాన్ని కప్ప చర్మంలో గుర్తించింది. 2002లో డేవిడ్ బెర్సన్, సమీర్ హట్టార్ వంటివాళ్ళు రెటీనాలోని కొన్ని గాంగ్లియన్ కణాల్లో అది ఉందనీ, అవి నేరుగా వెలుతురికి స్పందిస్తాయనీ చూపించారు. ఇవి బొమ్మలు చూడటానికి ఉన్న కణాలు కావు. బయట ఎంత వెలుతురుందో కొలిచి మెదడుకు చెప్పడం వీటి పని. 480 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకాశపు నీలిరంగు ఉండే చోట, వీటికి చురుకుదనం ఎక్కువ.

ఇవి పంపే కబురు మెదడులో హైపోథాలమస్ అనే భాగంలోని ఒక చిన్న కణాల గుంపుకి చేరుతుంది. దాన్నే జీవగడియారం అంటాం. మనిషిలో ఈ గడియారం ఒక చుట్టు తిరగడానికి సగటున 24 గంటల కంటే ఓ పది పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. అంటే రోజూ పొద్దున ఎవరో ఒకరు దాన్ని సరిచేయాలి. ఆ పని పొద్దుటి వెలుతురుది. సరిచేసేవాళ్ళు లేకపోతే రోజుకింత చొప్పున జారిపోతుంది, లేదా పగలూ రాత్రీ కలిసిపోయి ముక్కలు ముక్కలుగా నిద్ర వస్తుంది.

రాత్రి వైపు కథ మెలటోనిన్‌ది. చీకటి పడ్డాక శరీరం తయారుచేసుకునే, రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోను అది. పడిన వెలుతురు గట్టిదైతే మనిషిలో రాత్రి మెలటోనిన్ అణిగిపోతుందని 1980లో ఆల్ఫ్రెడ్ లెవీ బృందం చూపించింది. అప్పుడు వాడింది 2,500 లక్స్. దాంతో మామూలు గది లైటు ఏమీ చేయదని చాలాకాలం అనుకున్నారు. 2011లో జాషువా గూలీ బృందం 116 మంది మీద చేసిన పరిశీలనలో 200 లక్స్ కంటే తక్కువ ఉన్న గది వెలుతురు కూడా నిద్రకు ముందు మెలటోనిన్ రావడాన్ని వెనక్కి నెట్టి, అది ఉండే సమయాన్ని దాదాపు గంటన్నర తగ్గించిందని తేలింది. ఈమె తల మీదిది 110.

ఈమె విషయంలో ఇంకో రెండు కలిశాయి. వయసుతో కంటి కటకం పసుపెక్కుతుంది, కనుపాప చిన్నదవుతుంది. శుక్లం ఉంటే ఇంకా ఎక్కువ. పసుపెక్కిన కటకం ముందుగా ఆపేది నీలి వెలుతురునే. అంటే గడియారాన్ని సరిచేసే కణాలకు అందాల్సిన వాటానే తగ్గిపోతుంది. అదే గదిలో ఇరవై ఏళ్ళ మనవరాలికి సరిపోయే పగటి వెలుతురు అమ్మమ్మకు సరిపోదు. ఇక మెటోప్రొలాల్. అది బీటా బ్లాకర్ అనే రకం బీపీ మందు. బీటా బ్లాకర్లు రాత్రి మెలటోనిన్ తయారీని తగ్గిస్తాయి. ఆపరేషన్ అయిన రోజుల్లో బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆపడం గుండెకు ప్రమాదం గనక దాన్ని కదపలేదు. తర్వాత తీరిగ్గా ఆలోచించమని ఆమె ఫిజీషియన్‌కి ఉత్తరం రాశాను.

మెలటోనిన్ మాత్ర ఇవ్వొచ్చు కదా అని మా జూనియర్ అడిగింది. ఇవ్వొచ్చు, తప్పేమీ కాదు. కానీ అప్పటికే ఒక మాత్రతో దెబ్బతిన్నాం. తల మీద లైటు వెలుగుతుండగా మెలటోనిన్ మింగించడం కుళాయి తిప్పి ఉంచి నేల తుడిచినట్టే. ముందు కుళాయి కట్టేద్దామన్నాను.

చేసినవి

పదో రోజున మంచం కిటికీ పక్కకు మార్చాం. అక్కడున్న రోగి కుర్రాడు, కాలి ఎముకకు ప్లేటు వేయించుకుని రెండ్రోజుల్లో వెళ్ళిపోయేవాడు. అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా కుర్చీలో, కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టమని రాశాను. మందుల చార్టులోనే, మందుల వరసలోనే రాశాను: "పగటి వెలుతురు, గంటన్నర, పొద్దున 7.30." విడిగా సలహాగా రాస్తే ఎవరూ పట్టించుకోరు. చార్టులో ఉంటే టిక్కు పెట్టాలి గనక చేస్తారు.

సాయంత్రం నాలుగింటికి ఉండే ఫిజియోథెరపీని పొద్దున పదింటికి మార్చమని అడిగాను. ఫిజియోథెరపిస్టుకు అప్పటికే ఇద్దరు పేషెంట్లు ఆ టైముకి ఉన్నారు. అయినా సర్దుకుంది. నడక కూడా వరండా చివర, వెలుతురు పడే వైపే చేయించింది. మధ్యాహ్నం కునుకు రెండింటి లోపల, అరగంట.

రాత్రి సంగతే కష్టమైంది. ఎలక్ట్రీషియన్ వచ్చి తల మీది ట్యూబ్‌లైటుకి వేరే స్విచ్చి పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. కిటికీ పక్కకు మారారు గనక నేరుగా కంట్లో పడే బాధ తప్పినా, వార్డంతా పరచుకున్న వెలుతురు 40 లక్స్ దాకా ఉండేది. సిస్టర్ల టేబులుకు మెడ వంగే చిన్న దీపం తెచ్చి, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత అదొక్కటే ఉంచాం. బాత్‌రూముకు వెళ్ళే దారిలో నేలకు దగ్గరగా, పసుపు నారింజ కలిసిన రంగులో మసక దీపం. పూర్తి చీకటి చేయకూడదు. పెద్దవాళ్ళు చీకట్లో పడిపోతారు. కళ్ళకు కట్టే మాస్కు ఇస్తే ఈమె ఊపిరాడనట్టుందని విసిరేశారు. డెలీరియం వచ్చిపోయినవాళ్ళకు అది ఇంకా భయం పుట్టిస్తుంది, బలవంతం చేయలేదు. స్థిమితంగా ఉన్న రోగి గనక రాత్రి రెండింటి బీపీ, టెంపరేచర్ ఎత్తేశాం. పదింటికి ఒకసారి, ఆరింటికి ఒకసారి.

2022లో ఈ రంగంలోని పరిశోధకులు కలిసి కొన్ని అంకెలు సూచించారు: పగలు కంటి దగ్గర కనీసం 250, పడుకునే ముందు మూడు గంటలు 10కి మించకుండా, నిద్రలో 1కి మించకుండా. ఇవి మామూలు లక్స్ కావు, మెలనాప్సిన్ కణాల చురుకుదనానికి తగ్గట్టు లెక్కగట్టే లక్స్. ఆరోగ్యవంతుల కోసం చెప్పినవి. రోగులున్న వార్డులో రాత్రి 1 సాధించడం నావల్ల కాలేదు. ఆమె దిండు దగ్గర 4 దాకా తేగలిగాం.

పొద్దుటి వెలుతురే ఎందుకన్నదానికి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది అందరికీ పనికొచ్చే మందు కాదు. వెలుతురు పడే వేళను బట్టి గడియారం ముందుకో వెనక్కో జరుగుతుంది. సాయంత్రం, రాత్రి మొదట్లో పడితే వెనక్కి, అంటే నిద్ర ఆలస్యంగా వస్తుంది. పొద్దున పడితే ముందుకు. ఈమెకు నిద్ర తెల్లవారుజామున మొదలయ్యేది గనక పొద్దున ఇచ్చాం. పెద్దవాళ్ళలో చాలామందికి దీనికి తిరగబడిన సమస్య ఉంటుంది. సాయంత్రం ఏడింటికే ముంచుకొచ్చి, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. అలాంటివాళ్ళను తెల్లవారుజామున వెలుతురులో కూర్చోబెడితే ఇంకా పాడవుతుంది. వాళ్ళకు సాయంత్రపు వెలుతురు కావాలి. నిద్ర చార్టు చూడకుండా వెలుతురు రాయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఏం జరిగింది

మొదటి రెండు రాత్రులూ ఏ మార్పూ లేదు. సిస్టర్లు గంటగంటకూ దూరం నుంచే చూసి నిద్రా, మెలకువా అని చార్టులో గుర్తు పెట్టేవారు. పదో రాత్రి మూడు గంటలు, పదకొండో రాత్రీ మూడే. పొద్దున కుర్చీలో కూర్చోబెడితే ముఖం పక్కకు తిప్పేసుకునేవారు. అలిగారని కూతురు అనుకుంది. దగ్గర కూర్చుని అడిగితే అసలు సంగతి తెలిసింది. శుక్లం ఉన్న కంట్లోకి నేరుగా వెలుగు పడితే చెదిరిపోయి, ఎదుట అంతా తెల్లగా మండుతున్నట్టు కనిపిస్తుంది. ఆమె కళ్ళకు అది బాధ. కిటికీకి పల్చటి తెల్ల తెర వేసి, కుర్చీని కాస్త ఏటవాలుగా తిప్పాం. మీటరు 1,400కి దిగింది. అయినా నయమే. ముఖం తిప్పుకుని కూర్చుంటే ఆ 3,500 ఎవరికి?

పన్నెండో రాత్రి నాలుగు గంటలు, పదమూడున ఐదు, పద్నాలుగు, పదిహేనున ఆరేసి గంటలు. పగటి కునుకు గంటకు తగ్గింది. పద్నాలుగో రోజు పొద్దున నేను రౌండ్సుకు వెళ్ళేసరికి వార్డు బాయ్ చొక్కా ఆమె ఒళ్ళో ఉంది. బొత్తాం ఊడిపోయిందని చూసి, విప్పి ఇమ్మని అడిగారట. సూదిలో దారం కూతురు ఎక్కించింది. బొత్తాం కుట్టి, దారం పళ్ళతో కొరికి, బొత్తాం లాగి చూసి, అప్పుడు నా వైపు చూశారు. ఆ రోజు ఫిజియోథెరపిస్టు నోట్సులో వాకర్‌తో నలభై అడుగులు అని ఉంది. అంతకు వారం ముందు మంచం దిగనన్న మనిషి.

పదహారో రోజున ఒక ఇబ్బంది వచ్చింది. కిటికీ పక్క మంచం వేరే రోగికి తప్పనిసరిగా కావలసి వచ్చింది. ఈమెను మళ్ళీ గోడ పక్కకు మార్చారు. స్విచ్చి వేరు చేశారు గనక రాత్రి లైటు ఆపొచ్చు, కానీ ఆ మూడు రాత్రులూ ఎదురు మంచం రోగికి రక్తం ఎక్కిస్తూ, డ్రెయిన్ చూసుకుంటూ లైటు వేసే ఉంచాల్సి వచ్చింది. పగలు కుర్చీ వేయడానికి చోటు లేదు. నిద్ర ఐదు గంటలు, తర్వాత నాలుగు, తర్వాత మూడు. మూడో రోజు ఫిజియోథెరపీ వద్దన్నారు. మందులు అవే, నొప్పి అంతే, రక్తపరీక్షలు మామూలుగానే ఉన్నాయి. పంతొమ్మిదో రోజు కిటికీ దగ్గరికి తిరిగొచ్చాక ఐదు, ఆ తర్వాత వరసగా ఆరు.

నేను కావాలని పెట్టిన పరీక్ష కాదు అది. తెలిసి తెలిసి అలా చేసి ఉండేదాన్ని కూడా కాదు. కానీ ఈ కేసులో వెలుతురు పాత్ర ఎంతని ఎవరైనా అడిగితే, నేను చూపించగలిగేది ఆ మూడు రాత్రులే. మిగతా మెరుగుదలకు వేరే కారణాలు చెప్పొచ్చు, చెప్పాలి కూడా. డెలీరియం తర్వాత నిద్ర దానంతటదే కుదుటపడుతుంది. నిద్రమాత్ర ఆపాం. నొప్పి తగ్గుతూ వచ్చింది. పొద్దున వ్యాయామం మొదలైంది. రాత్రి లేపడం మానేశాం. రోజూ ఇంతమంది వచ్చి పలకరిస్తుంటే మనిషికి ధైర్యం వస్తుంది. గోడ పక్కకు వెళ్ళినప్పుడు రాత్రి సందడి కూడా పెరిగింది, కాబట్టి అక్కడా లెక్క పూర్తిగా తేటగా లేదు. అయినా పగటి వెలుతురు పోవడం, రాత్రి వెలుతురు రావడం రెండూ కలిసి జరిగిన మూడు రోజుల్లో మూడ్ కూడా అంత వేగంగా జారడం నేను కొట్టిపారేయలేను.

బయటి ఆధారాలు కూడా ఇదే దిక్కుగా ఉన్నాయి. ఇటలీలో ఫ్రాంచెస్కో బెనెడెట్టి బృందం 2001లో ప్రచురించిన పరిశీలనలో, బైపోలార్ జబ్బులో (కుంగుబాటు, మితిమీరిన ఉత్సాహం మారిమారి వచ్చే జబ్బు) డిప్రెషన్ దశతో చేరినవాళ్ళలో తూర్పు గదుల్లో ఉన్నవారు పడమటి గదుల్లో ఉన్నవారి కంటే సగటున 3.67 రోజులు ముందే ఇంటికి వెళ్ళారు. వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్ళ మీద జెఫ్రీ వాల్చ్ బృందం 2005లో చూపిందేమిటంటే, ఎండ బాగా పడే వైపు గదుల్లో ఉన్నవాళ్ళు గంటకు 22 శాతం తక్కువ నొప్పి మందు వాడారు. నెదర్లాండ్స్‌లో వృద్ధుల సంరక్షణ గృహాల్లో 189 మందితో చేసి 2008లో ప్రచురించిన ట్రయల్లో పగలు దాదాపు 1,000 లక్స్ ఉంచినచోట డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి, జ్ఞాపకశక్తి దిగజారడం కొంచెం నెమ్మదించింది. ఏడాదిలో ఒక కాలంలోనే వచ్చే డిప్రెషన్‌కి మాత్రమే వెలుతురు చికిత్స అనే అభిప్రాయాన్ని 2016లో రేమండ్ లామ్ బృందం మార్చింది. మామూలు డిప్రెషన్ ఉన్న 122 మందిలో పొద్దున అరగంట 10,000 లక్స్ దీపం ఎనిమిది వారాల్లో పని చేసింది, ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందుతో కలిపితే ఇంకా బాగా పని చేసింది.

రాత్రి వెలుతురు నిద్రను మాత్రమే పాడుచేస్తుందని అనుకోవద్దు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఫిల్లిస్ జీ బృందం 2022లో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల్ని ఒక్క రాత్రి 100 లక్స్ వెలుతురులో పడుకోబెట్టింది. నిద్ర పట్టింది. కానీ రాత్రంతా గుండె వేగం ఎక్కువగా ఉంది, పొద్దున ఇన్సులిన్ పనితీరు తగ్గింది. వార్డులో షుగర్ కంట్రోల్లోకి రావడం లేదని ఇన్సులిన్ పెంచుకుంటూ పోయే ముందు, ఆ రోగి తల మీద రాత్రి ఏం వెలుగుతోందో ఎవరు చూస్తున్నారు?

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. బైపోలార్ జబ్బు ఉన్న రోగికి పొద్దున గట్టి వెలుతురు మానియా, అంటే ఆ మితిమీరిన ఉత్సాహపు దశ, తెప్పించవచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక యువకుడి విషయంలో ఇంట్లోవాళ్ళు మంచి ఉద్దేశంతోనే 10,000 లక్స్ దీపం కొని తెల్లవారుజామునే పెట్టారు. పది రోజుల్లో అతనికి నిద్ర అవసరమే లేకుండా పోయింది, మాట ఆగలేదు, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అలాంటివాళ్ళకు మధ్యాహ్నపు వెలుతురు, కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, మూడ్ స్థిరంగా ఉంచే మందు నడుస్తుండగా మాత్రమే ఇవ్వాలి. రెటీనా జబ్బులున్నవాళ్ళు, వెలుతురు తగిలితే చర్మం కమిలే మందులు వాడేవాళ్ళు ముందు కంటి డాక్టర్నీ, మందు రాసిన డాక్టర్నీ అడగాలి. ఎవరైనా సరే సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు.

ఆమె ఇరవై మూడో రోజున ఇంటికి వెళ్ళారు. గాయం నుంచి నీరు కారడం ఆగేదాకా ఉంచాల్సి వచ్చింది, లేకపోతే ఇంకా ముందే వెళ్ళేవారు. డిశ్చార్జి రోజున డిప్రెషన్ స్కేలు 5, ఆరు వారాలకు 3. డిప్రెషన్ మందు మొదలుపెట్టలేదు. స్కోరు పడుతున్నంత కాలం ఆగుదామనీ, ఆగితే మొదలుపెడదామనీ ఆమెతో, కూతురితో ముందే మాట్లాడుకున్నాం. ఇంట్లో కుట్టు మిషన్ని లోపలి గది నుంచి గుమ్మం దగ్గరికి జరిపారు.

నాలుగో నెలలో కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక పాత జాకెట్టు ముక్క తీసి నా టేబుల్ మీద పరిచారు. "ఇన్నాళ్ళూ ఇది బూడిద రంగనుకున్నానమ్మా. నీలం. చూడండి, దారం కూడా తప్పేసి కుట్టాను." ఎడమ కన్ను మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి చూసి, ఇది నీలం, ఇది బూడిద అని నాకు చూపించారు. రెండో కంటికి తేదీ ఇచ్చారు. రాత్రి పదిన్నరకు పడుకుని ఐదింటికి లేస్తున్నారు.

వార్డులో పద్నాలుగు మంచాలనూ కొలిచాను. ఆరింటికి పగలు 100 లక్స్ దాటదు. గోడలు కదపలేం గనక, ఆ ఆరు మంచాల రోగుల్ని పొద్దున వరండా చివరకు వంతుల వారీగా తీసుకెళ్ళే ఏర్పాటు చేశాం. అటెండెంట్లు తక్కువైన రోజుల్లో అది ఆగిపోతోంది. గోడ పక్క మంచం మీద ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళ ఆయన ఉన్నారు. ఆయన చార్టులో కూడా పొద్దున 7.30 అని రాశాను. నిన్న టిక్కు ఉంది, మొన్న లేదు.